పొడుగు నారు

ఆ విత్తనాల సంచుల్లో మందు లేదు, ఉన్నది ఉత్త రంగు. ఆ సంగతి మీకు తెలుసు. విత్తనం సరఫరా చేసిన కాంట్రాక్టరుకు తెలుసు, సంతకం పెట్టిన అధికారికి తెలుసు, అతని పైవాడికీ తెలుసు. తెలిసే మా రేవులో దించారు. పంట పోయాక మీరు రాసుకున్న నివేదికలో ఏముంది? "రైతుల అవగాహన లోపం. పాత అలవాట్లు." ఆ కాగితం నేను చదివాను. ఎలా చదివానని అడక్కండి. అందులో మా అమ్మ పేరు లేదు. కానీ మా ఊరు దాన్ని మా అమ్మ పేరుగానే చదువుకుంది.

అందుకని ఆ ఏడు ఏం జరిగిందో నేనే చెబుతాను.

మాది బరీతో నదిలోంచి లోపలికి తవ్విన కాలువ మీద ఊరు. పోటుకు నీళ్ళెక్కుతాయి, పాటుకు దిగుతాయి. నాట్ల వేళకి పొలంలో నీళ్ళు తొడల దాకా ఉంటాయి. పొట్టి నారు పెడితే మునిగి చస్తుంది. అందుకే మేం గింజని నవంబరులో గట్టు మీద పొడినేలలో గుచ్చుతాం. నలభై రోజులకి పీకి నీటి అంచున పెడతాం. అక్కడ దుబ్బు కట్టి బలిశాక, ఏప్రిల్‌లో మళ్ళీ పీకి పొలంలో నాటుతాం. పీకిన ప్రతిసారీ ఏరాలి. ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో చెప్పాలి. మా కాలువ మీద ఇరవై రెండు ఇళ్ళు. ఇరవై రెండిళ్ళకీ ఏరేది మా అమ్మ సలాసియా. ఊరందరికీ ఆమె ఆచిల్, అంటే పిన్ని. ఆమెది చల్లని చెయ్యి అనేవాళ్ళు. ఆమె పడవ రాకుండా ఎవరూ నారుమడిలో దిగేవాళ్ళు కాదు.

ఆ నవంబరులో కొత్త విత్తనం పంచే మీ వ్యవసాయ శాఖ ప్రాజెక్టు వచ్చింది. రేవు దగ్గర గుడారం వేశారు. జావా నుంచి బదిలీ మీద వచ్చిన అధికారి, పాక్ దర్మావాన్, అంటే దర్మావాన్ గారు, మంచి మాటకారి. మైకు పట్టుకుని, "తెగుళ్ళన్నీ మీ పాత విత్తనంలోనే ఉన్నాయి. అవి ఇంట్లో ఉంటే కొత్త విత్తనానికీ అంటుకుంటాయి. ఒక్క బుట్ట కూడా దాచుకోవద్దు. ఇవాళే మర పట్టించి వండుకుందాం!" అన్నాడు.

మర పట్టించారు. కొరమీను కాల్చారు. అన్నం కమ్మగా ఉంది, అది కాదనను. తాతల నాటి విత్తనాన్ని మేమే కూర్చుని తిన్నాం. మారు కూడా వడ్డించుకున్నాం. పక్కింటి జుబైదా మూతి తుడుచుకుంటూ, "పాక్, ఏటా ఇలాగే ప్రాజెక్టు పెట్టండి, మా వంటగిన్నెలు ఎండిపోతున్నాయి" అంటే దర్మావాన్ పడీపడీ నవ్వాడు. వెళ్ళేటప్పుడు ఇంటికో సంచి ఇచ్చారు. లోపల ఎర్రటి గింజలు. సంచి మీద కాగితం అంటించి ఉంది. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి అందరికీ నేనే చదివి వినిపించాను. "మందు పట్టించిన విత్తనం. కడగరాదు. నానబెట్టరాదు."

మర్నాడు పొద్దున్నే అమ్మ వెనక అరుగు మీద కుండ పెట్టుకుని కూర్చుంది. నీళ్ళలో ఉప్పు కలిపి బాతుగుడ్డు వేసింది. గుడ్డు అడుగున కూర్చుంటే ఉప్పు చాలనట్టు. పైకి లేచి బోడితల చూపిస్తే సరిపోయినట్టు. ఆ నీళ్ళలో విత్తనం పోస్తే రోగపు గింజ తేలుతుంది, మంచి గింజ మునుగుతుంది. ఏటా చేసేదే.

"అమ్మా, ఏం చేస్తున్నావ్? కడగొద్దన్నారు కదా!" అన్నాను.

"కడగట్లేదే అలూ. ఒక్క గుప్పెడు చూస్తున్నా. చూస్తే తప్పేంటి?"

గుప్పెడు గింజలు జారవిడిచింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. సగానికి పైగా గింజలు పైకి వచ్చి తేలాయి. అమ్మ వేలితో వాటిని కిందికి నొక్కింది. మళ్ళీ లేచాయి.

"ఇన్ని తేలాయేంటే?"

"మందు పట్టించినవి తేలతాయేమోలే. చదువుకున్నోళ్ళకన్నా నీకెక్కువ తెలుసా?"

అమ్మ నా మొహంలోకి చూసింది. వేళ్ళకంటిన ఎరుపు లుంగీకి తుడుచుకుంది. కుండెత్తి నీళ్ళు కాలువలో వంచేసింది. సంచిలో మిగతా గింజలకి నీటి చుక్క తగలనివ్వలేదు.

ఆ మాట అన్నది నేను. దాన్ని మీ నెత్తిన రుద్దను. అది నా వాటా. మీ వాటా సంగతి చూద్దాం.

గట్టు మీద మగవాళ్ళు కర్రలతో గుంటలు గుచ్చుకుంటూ పోతుంటే, వెనక మేం బిస్మిల్లా అనుకుంటూ గింజలు జారవిడిచి బూడిదతో కప్పాం. పదో రోజుకి పచ్చగా లేచింది. ఇరవయ్యో రోజుకి మడిలో అక్కడక్కడా కొన్ని మొక్కలు పక్కవాటిని దాటి పైకొచ్చాయి. నలభయ్యో రోజుకి అవి జానెడు ఎత్తు ఎక్కువున్నాయి. సన్నగా, లేత పసుపు కలిసిన పచ్చ రంగులో గాలికి ఊగుతున్నాయి. పడవల్లో పోయేవాళ్ళు తెడ్లు ఆపి చూశారు. అంత ఎత్తు నారు మా కాలువ మీద ఎవరూ ఎరగరు.

పీకే రోజున ఒకరి పనికి ఒకరు సాయంగా, బదుళ్ళకి ఆడవాళ్ళంతా వచ్చారు, ఎండకి మొహాలకి బియ్యప్పిండి పూసుకుని, ఆకుల గొడుగుటోపీలు పెట్టుకుని.

"ఆచిల్, చూశావా! మా ఆయన ఇలా పెరిగుంటే మా నాన్న ఓలి రెట్టింపు అడిగేవాడు" అంది జుబైదా.

"మీ ఆయన్ని చూసే సగానికి తగ్గించాడటగా?" అమ్మ తలెత్తకుండానే అంది. మడి మడంతా నవ్వింది. జుబైదా బురదముద్ద విసిరింది. అమ్మ టోపీ మీద పడింది. అమ్మ దాన్ని అలాగే ఉంచుకుని పని చేసింది.

"పొడుగువి ఇటు, పొట్టివి అటు. పొడుగువి కట్టలు కట్టండి. తొడ నీళ్ళలో కూడా తల పైకెత్తుకుని నిలబడతాయివి. పొట్టివి బాతులకెయ్యండి."

ఇరవై రెండిళ్ళ మళ్ళలో ఆమె చెప్పింది అదే. ఆ వారం అంతా మా బాతులు పొట్టి నారు మేశాయి.

మస్తోరా అని ఒంటరి ముసలామె ఉండేది. ఆమెకి కాలువ చివర ఓ చెక్క నేల, మెరక మీద. అక్కడికి మోకాలి నీళ్ళు కూడా రావు.

"సలాసియా, ఆ పొట్టివి నాకియ్యవే."

"బాతులకేసేవి నీకెందుకక్కా? మంచివి తీసుకో."

"నా చెక్కకి ఈ పొడుగాటివి ఎందుకు, గాలికి పడిపోటానికా? ఇవి చాలు. బాతులతో నేను తేల్చుకుంటాలే."

అమ్మ నవ్వి రెండు బుట్టలు ఆమె పడవలో పెట్టించింది.

నీటి అంచున పెట్టిన నారు జనవరిలోనే చావడం మొదలుపెట్టింది. ముందు వరసకొకటి పోయింది. తర్వాత నాలుగు. ఆకు కింద నుంచి ఎండుకుంటూ వచ్చేది, ఒకనాటి పోటుకి మొక్క ఒరిగిపోయేది. ఎలకలన్నారు. మా ఆయన హమ్సానీ ఒకటి పీకి చూసి, "ఎలకైతే పంటిగాటు ఉండాలి కదా" అన్నాడు. గ్రామ పెద్ద ఫోన్ చేస్తే దర్మావాన్, "మీ నీళ్ళు పులుపెక్కాయి, సున్నం వెయ్యండి" అన్నాడు. వేశాం. చచ్చేవి చస్తూనే ఉన్నాయి. మా నీళ్ళు మా తాతల నుంచీ పులుపే. ఆ ముక్క అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ వచ్చి చూడలేదు.

ఏప్రిల్‌లో రెండోసారి పీకాం. మడిలో సగం ఖాళీ. ఉన్నవాటిలోంచి అమ్మ మళ్ళీ ఏరింది. మళ్ళీ పొడుగువే. ఆమెకి తెలిసిన విద్య అది. మా నీళ్ళు నేర్పిన విద్య.

ఆ రోజే పట్నంలో పరీక్షశాల నుంచి రిస్నావతి అనే అమ్మాయి వచ్చింది. నీళ్ళ పులుపు కొలవడానికి సీసాలు పట్టుకుని వచ్చింది. ఆమె చూపు మా పడవలో కట్టల మీద పడింది.

"ఆచిల్, ఇవి పారేసేవా?"

"పారేసేదేంటి తల్లీ, నాటేవి."

"మరి ఇలాంటివే ఎందుకు ఏరారు?"

"పొడుగున్నాయి కదా."

ఆ పిల్ల సీసాలు గట్టున పెట్టి నీళ్ళలోకి దిగింది. ఒక మొక్క తీసుకుని మొదలు దగ్గర తొడుగు ఒలిచింది. లోపల కాండం మీద తెల్లగా, కాస్త గులాబీ కలిసిన పొడి. మట్టికి ఇంత ఎత్తున, కణుపులోంచి వేళ్ళు పుట్టుకొచ్చాయి. ఇంకోటి ఒలిచింది. అదీ అంతే. కట్టలో పదికి ఏడు అలాగే ఉన్నాయి.

"ఇది ఎత్తు కాదాచిల్, జబ్బు. గింజలోనే బూజు ఉంది. అది లోపల కూర్చుని మొక్కని సాగదీస్తుంది. సాగి సాగి చచ్చిపోతుంది. చావనివి వెన్ను వేస్తాయి గాని అందులో గింజ ఉండదు. పక్కనున్న పొట్టివే మంచివి."

"అంటే..." జుబైదా మొదలుపెట్టింది. "అంటే మేం బాతులకేసింది..."

అమ్మ ఆ పిల్ల చేతిలోంచి కాడ తీసుకుంది. గోటితో గీసింది. గోట్లో తెల్లపొడి చేరింది.

"దీన్ని రాకుండా ఆపాలంటే ఏం చెయ్యాలి?" అని అడిగింది, ఎవరి ఇంట్లోనో జ్వరం గురించి అడిగినట్టు.

"విత్తనం దగ్గరే ఆపాలి. వేణ్ణీళ్ళలో కొలత ప్రకారం నానబెట్టాలి, లేదా సరైన మందు పట్టించాలి. ఏదీ లేకపోతే ఉప్పునీళ్ళలో పోసి తేలినవి తీసేసినా చాలావరకు పోతుంది. మడిలో పొడుగువి కనబడగానే పీకి కాల్చెయ్యాలి."

అమ్మ నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

"ఇది మందు పట్టించిన విత్తనమేనమ్మా. ఎర్రగా ఉంది" అన్నాను నేను.

"సంచి ఉందా?"

సంచి అడుగున మిగిలిన గుప్పెడు గింజలు కాగితంలో కట్టి ఇచ్చాను. నెల తర్వాత ఫోన్ వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "అక్కా, రంగు తప్ప ఏమీ లేదు. పైకి రాశాను." పైకి రాసిన మూడు వారాలకి ఆమెని ఏదో దీవికి బదిలీ చేశారు. ఇప్పుడు ఆ నంబరు పని చెయ్యదు.

అది జబ్బని తెలిసిన మర్నాడే అమ్మ పడవేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. నేను తెడ్డు వేశాను. "నేనేరిచ్చిన నారు నాటకండి. కాల్చెయ్యండి. మళ్ళలో పొట్టివి ఎన్నుంటే అన్నే నాటుకోండి" అని చెప్పింది.

"పొట్టివెక్కడున్నాయి ఆచిల్? నీ మాట విని బాతుల కడుపులో నాటాం" అన్నాడు ఇజర్. అతను మాకు దూరపు బంధువు, అమ్మ చేతుల మీద పెరిగినవాడు. "నాటమన్నదీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. ఇప్పుడేం నాటమంటావ్, నీ టోపీనా?"

"నా తప్పే నాయనా."

"నీ తప్పంటే నా పొలం నిండుద్దా?"

"నిండదు" అంది అమ్మ.

నేను తెడ్డు పడేసి లేచాను. "తప్పు ఆమెది కాదు ఇజర్! విత్తనం ఇచ్చినోణ్ణి అడుగు పో!" అని అరిచాను.

"వాడు నాకు దొరకడుగా" అన్నాడు. అంత నిజం ఆ ఏడు ఇంకెవరూ చెప్పలేదు.

తొమ్మిది ఇళ్ళవాళ్ళు కాల్చేశారు. వాళ్ళకి నాటడానికి ఏమీ మిగల్లేదు. మిగతావాళ్ళు కాల్చలేక నాటారు. కాల్చినవాళ్ళలో మేమూ ఉన్నాం. అమ్మే అగ్గిపుల్ల గీసింది. పచ్చినారు మండదు, పొగ వస్తుంది. రెండు రోజులు మా గట్టున పొగ నిలబడింది. ఆ పొగలోంచే బొగ్గు పడవలు నదిలో పోతుంటే హమ్సానీ వాటినే చూస్తూ కూర్చున్నాడు. అదే నెలలో వాటి మీద పనికి వెళ్ళిపోయాడు. ఇప్పటికి రెండుసార్లు వచ్చి వెళ్ళాడు.

నాటినవాళ్ళ పొలాలు జూన్ దాకా ఆశ పెట్టాయి. వెన్నులు వచ్చాయి. నిటారుగా వచ్చాయి. పాలు పోసుకున్న వెన్ను బరువుకి వంగుతుంది. ఇవి వంగలేదు. ఆగస్టులో ఇజర్ ఒక వెన్ను కోసి, మా రేవులో పడవ ఆపి, అరుగు మీద నా ముందర దులిపాడు. అంతా తాలు. తిడతాడనుకుని సిద్ధంగా ఉన్నాను. తెడ్డేసుకుని వెళ్ళిపోయాడు.

పండింది ఒక్క మస్తోరా చెక్కలోనే. ఆ రెండు బుట్టల పొట్టి నారూ మెరక మీద బంగారంలా వంగింది. అమ్మ వెళ్ళి చూసింది. పడవలోంచి దిగకుండా చూసింది.

"విత్తనానికి ఒక బుట్ట ఉంచుతాలే సలాసియా, ఊరంతా పంచుదాం" అంది మస్తోరా.

అదైనా మిగిలిందనుకున్నాం. రిస్నావతిని అడిగాను. అప్పటికి ఆమె ఫోన్ ఇంకా పనిచేస్తోంది. "చుట్టూ పొలాల్లో పూత వేళకి ఆ బూజు గాలిలో ఉంటుందక్కా. ఆ గింజల్లో కూడా చేరే ఉంటుంది. తినండి. విత్తొద్దు" అంది. మస్తోరాకి ఆ మాట నేనే చెప్పాను. ఆమె నమ్మలేదు. దాచుకుంది.

ఊళ్ళో మాట వేరేగా పుట్టింది. సలాసియాకి ముందే తెలుసట. మంచి నారు అక్కా అక్కా అని పిలుచుకునే ముసలిదానికిచ్చి, రోగపు నారు మనకిచ్చిందట. ఈ మాట ఎవరు పుట్టించారో నాకు తెలీదు. జుబైదా మాత్రం దాన్ని ఆపలేదు. మా రేవులో ఆమె పడవ ఇప్పుడు ఆగదు. ఎవరి పడవా ఆగదు. అయిదు పొలాలు పామాయిల్ కంపెనీకి పోయాయి. అందులో ఇజర్‌ది ఒకటి.

అమ్మ ఇంట్లోనే ఉంటుంది. ఏడవదు, ఎవర్నీ తిట్టదు. మొన్న డబ్బాలో మిరప నారు పెట్టమని ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది. "నా చేత్తో వద్దే అలూ. నువ్వే పెట్టు." ఉప్పునీళ్ళ మాట ఇంతవరకు ఎత్తలేదు. నేను ఎత్తబోయాను. "పొయ్యి మీద పులుసు చూడు" అంది.

మళ్ళీ నవంబరు వచ్చింది. గ్రామ కార్యాలయం వరండాలో మీ సంచులు దిగాయి. నేను వెళ్ళి ఒకదాని కుట్టు విప్పాను. కావలివాడు అరిచాడు. అరవనిచ్చాను. అవే ఎర్ర గింజలు. అదే కాగితం. అదే అక్షరాలు. ఈ కాలువ మీద ఒక్క ఇంట్లో కూడా వేరే విత్తనం లేదు. అది మీకు తెలుసు కాబట్టే పంపారు. జనం తీసుకుపోతున్నారు. తీసుకోక ఏం చేస్తారు?

కాబట్టి వినండి. వెనకటికి మీవాళ్ళు మా ఊళ్ళలో గుప్పెడేసి తీసుకెళ్ళి పట్నంలో గాజుసీసాల్లో దాచుకున్న పాత విత్తనం మీ దగ్గరుంది. దాన్ని తీయండి, మా మళ్ళకి తిరిగివ్వండి. వరండాలో ఉన్నవి వెనక్కి పట్టుకుపోండి. రిస్నావతి రాసిన కాగితం బయట పెట్టండి. రంగు కలిపినవాడి పేరు, దాన్ని కొన్నవాడి పేరు మైకులో చదవండి. పోయినసారి గుడారం వేసిన చోటే చదవండి, ఇరవై రెండిళ్ళూ వినేలా.

ఇవన్నీ తర్వాత. ముందు మీలో సంతకం పెట్టినవాడెవడో పడవెక్కి మా ఇంటికి రావాలి. మా అమ్మ ముందు కింద కూర్చోవాలి. "ఆచిల్, తప్పు నీది కాదు, మాది" అని చెప్పాలి. నేను రోజూ చెబుతున్నాను, నా నోటితో ఆమె నమ్మడం లేదు. ఈ వారంలోనే రండి. ఊళ్ళో గుంటలు గుచ్చడం అప్పుడే మొదలుపెట్టారు.